లూపర్ పెడల్ కొనడం, ఒక పాత తగాదా

నా పక్కన రిథమ్ వాయించే మనిషి లేకుండా పోయి చాలా రోజులైంది. అందుకని 2024లో ఒక లూపర్ పెడల్ కొందామనుకున్నాను. కొనేముందు నాలుగు నెలలు ఆలోచించాను. కొన్నాక రెండు వారాల్లో, ఐదేళ్ళ కిందటి తగాదాలో తప్పు నాదేనని తేలింది. ఆ రెండూ చెబుతాను.

గిటారు గొడవ తెలియనివారి కోసం ముందు నాలుగు మాటలు. లూపర్ అంటే కాలితో నొక్కే చిన్న ఇనప డబ్బా. గిటారుకీ ఆంప్లిఫయరుకీ మధ్యన పెడతారు. ఒకసారి నొక్కితే మనం వాయించేది రికార్డు చేసుకోవడం మొదలెడుతుంది. రెండోసారి నొక్కగానే అంతవరకూ వాయించినదాన్ని మొదటినుంచీ వాయిస్తుంది, అయిపోగానే మళ్ళీ మొదలు, మళ్ళీ మొదలు. దానిమీద మనం ఇంకొకటి వాయించుకోవచ్చు. ఒక్కడే ఇద్దరు కావచ్చన్నమాట. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1970లలో రాబర్ట్ ఫ్రిప్, బ్రయాన్ ఈనో రెండు రీవాక్స్ టేపు రికార్డర్లు పక్కపక్కన పెట్టి, ఒకదానిలో రికార్డయిన టేపు రెండోదానిలోకి వెళ్ళేలా చేసి ఈ పనే చేశారు. అప్పుడు బల్ల నిండా యంత్రాలు కావలసి వచ్చింది. ఇప్పుడది అరచేతిలో పడుతుంది.

ఇక నా సంగతి. మాది శ్రీకాకుళం జిల్లా. ఉద్యోగం పోర్ట్ బ్లెయిర్‌లో. 2024 సెప్టెంబరులో దీనికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు, కానీ నా నోటికి పాతపేరే వస్తుంది. ఇక్కడ తెలుగువాళ్ళకి కొదవలేదు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల జనాభా 3,80,581. అందులో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. అబర్డీన్ బజారులో బేరమాడటానికి హిందీ రానక్కర్లేదు. ఉగాదికీ వినాయక చవితికీ స్టేజీ, మైకు, సినిమా పాటలు మామూలే. దేవుణ్ణి నమ్మనివాడివి చవితి పందిట్లో గిటారేమిటి అని అడిగినవాళ్ళున్నారు. నమ్మకం లేనిది దేవుడి మీద, పాటల మీద కాదు.

ఆ స్టేజీల మీద నేను లీడ్ వాయించేవాణ్ణి. రిథమ్ బావది. చుట్టరికం ఏమీ లేదు. మా ఊరికి నాలుగు మైళ్ళ అవతల ఊరు ఆయనది. పడవల మరమ్మతు వర్క్‌షాపులో పని. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. 2009 నుంచి పదేళ్ళపాటు ప్రతి శనివారం సాయంత్రం మా ఇంటి వరండాలో ఇద్దరం కూర్చునేవాళ్ళం. ఇళయరాజా పాటల్లో తీగలు మీటే చోట్లన్నీ ఆయన చేతికి కంఠతా వచ్చు.

ఒకటే గొడవ. బావ వెనకబడతాడు. అంటే నాకు అలా వినిపించేది. చరణం చివర మాంచి ఊపులో ఉంటానా, సరిగ్గా అక్కడ రిథమ్ బరువెక్కి నన్ను వెనక్కి లాగుతున్నట్టుండేది. మొదట్లో సరదాగా అన్నాను. తర్వాత విసుక్కుంటూ అన్నాను. 2019 దీపావళికి ఒక కార్యక్రమం అయ్యాక, నలుగురూ టీ తాగుతూ ఉండగా, "తాళం నిలబెట్టలేనివాడికి రిథమ్ ఎందుకు బావా" అనేశాను. ఆయన ఏమీ అనలేదు. గిటారు సంచిలో పెట్టి జిప్పు వేసుకున్నాడు. తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. 2022లో రిటైరై, హేడో జెట్టీలో విశాఖ ఓడ ఎక్కి ఊరికి వెళ్ళిపోయాడు. సాగనంపడానికి వెళ్ళాను. ఇద్దరం సామాను గురించే మాట్లాడుకున్నాం.

సరే, పెడల్ దగ్గరికి వస్తాను.

మార్కెట్లో లూపర్లు కుప్పలు. ఒకే బటను ఉన్నవి, రెండు మూడు ఉన్నవి, నేలమీద హార్మోనియం పెట్టెలా పరుచుకునేవి. ప్రకటనలు చదివితే ఎక్కువ ఉన్నదే మంచిదనిపిస్తుంది. ఉదాహరణకి బాస్ వారి ఆర్‌సి-5. 2020లో వచ్చింది. 13 గంటల రికార్డింగు, 99 లూపులు దాచుకునే చోటు, లోపలే డ్రమ్ముల వరసలు 57. టీసీ ఎలక్ట్రానిక్ వారి డిట్టో దీనికి పూర్తిగా ఎదురు. ఒక బటను, ఒక నాబు, 5 నిమిషాలు, అంతే. ఆ రెండింటికీ మధ్య బాస్ వారిదే ఆర్‌సి-1. 2014లో వచ్చింది. ఒకే బటను, 12 నిమిషాలు, లూపు ఎక్కడిదాకా వచ్చిందో చూపే గుండ్రటి దీపాల వరస.

13 గంటలు అనగానే నోరూరింది. అప్పుడు కాగితం తీసుకుని లెక్క వేశాను. నా పాటల వేగం నిమిషానికి సుమారు 80 దెబ్బలు. అంటే దెబ్బకి 0.75 సెకను. నాలుగు దెబ్బల వరసలు నాలుగు కలిస్తే 16 దెబ్బలు, అంటే 12 సెకన్లు. పల్లవి మొత్తం రికార్డు చేసినా నిమిషం దాటదు. 5 నిమిషాలే నాకు ఐదింతలు ఎక్కువ. నాణ్యమైన రికార్డింగుకి సెకనుకి 44,100 నమూనాలు, ఒక్కో నమూనాకి 24 బిట్లు, అంటే 3 బైట్లు. ఆ లెక్కన 5 నిమిషాల లూపు 40 మెగాబైట్లలోపే. ఈ రోజుల్లో అంత జ్ఞాపకశక్తికి ఖరీదే లేదు. అంచేత గంటల సంఖ్య చూసి మోసపోకండి. పెళ్ళికి వెళ్ళేవాడికి అరవై చొక్కాలున్నా తొడుక్కునేది ఒకటే.

కొనేవాళ్ళు చూసుకోవలసినవి వేరే ఉన్నాయి. మొదటిది, ఆపడం. ఒకే బటను ఉన్న లూపర్‌ని ఆపాలంటే రెండుసార్లు టకటకా నొక్కాలి. మొదటి నొక్కుకీ రెండోదానికీ మధ్య వద్దన్న స్వరం ఒకటి జారిపడే ప్రమాదం ఉంది. ఇంట్లో సాధనకి ఫరవాలేదు. స్టేజీ మీద వాడేవాళ్ళు ఆపడానికి వేరే బటను ఉన్నదో, బయటి స్విచ్చు తగిలించుకునే వీలున్నదో తీసుకోవాలి. రెండోది, చివరి పొరను చెరిపే సౌకర్యం. అది లేకపోతే మూడో పొరలో ఒక్క తప్పు వస్తే మొత్తం పారేసి మళ్ళీ మొదలెట్టాలి. మూడోది కరెంటు.

ఈ మూడోది మా దీవుల్లో ముఖ్యం. ఇక్కడ కరెంటులో ఎక్కువభాగం డీజిల్ జనరేటర్లదే. ఎప్పుడు పోతుందో తెలియదు. పైగా గిటారు పెడళ్ళకి కావలసిన 9 వోల్టుల అడాప్టరు మామూలుది కాదు. వాటిలో చాలావాటికి పిన్ను మధ్యభాగం నెగటివ్, బయటి భాగం పాజిటివ్. రేడియోకో రౌటరుకో అమ్మే అడాప్టర్లు చాలావరకు దీనికి తలకిందులు. చూడకుండా గుచ్చితే పెడల్ పోతుంది. డిట్టోలో బ్యాటరీ పెట్టే చోటు లేదు. ఆర్‌సి-1లో 9 వోల్టుల బ్యాటరీ పెట్టుకోవచ్చు. ఇక నాలుగోది ఈ గాలి. ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల దాకా వాన పడే చోట కొత్త తీగలు నెల తిరక్కుండా తుప్పుపడతాయి, జాకులు పచ్చబడతాయి. ఏ పెడలైనా సిలికా జెల్ సంచులు వేసిన డబ్బాలో దాచుకోవాల్సిందే. చెడిపోతే బాగుచేయించడానికి చెన్నై పంపాలి. బటన్లు ఎన్ని తక్కువుంటే అంత నయం.

ఇంతలో ఒక శంక. ట్రూ బైపాస్ ఉన్న పెడలే కొనాలని, బఫర్ ఉన్నది గిటారు స్వరాన్ని పాడుచేస్తుందని చాలామంది ఒట్టేసి చెబుతారు. ట్రూ బైపాస్ అంటే పెడల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు తీగ నుంచి తీగకి నేరుగా దారి. బఫర్ అంటే మధ్యలో ఒక చిన్న సర్క్యూట్ ఉండి సంకేతానికి బలమిస్తుంది. డిట్టో మొదటి రకం, బాస్‌వి రెండో రకం. నేను ఒట్లు నమ్మే రకం కాదు. 2010లో అమెరికాలోని ఇండియానాపోలిస్ నగరంలో క్లాడియా ఫ్రిట్జ్ బృందం 21 మంది వయొలిన్ విద్వాంసులకి కళ్ళు సరిగ్గా కనబడని అద్దాలు పెట్టి, మూడు పాత ఇటలీ వయొలిన్లు, మూడు కొత్తవి వాయించమన్నారు. ఎక్కువమందికి నచ్చింది ఒక కొత్తది. అన్నిటికంటే తక్కువమందికి నచ్చింది ఒక స్ట్రాడివారి. ఆ పరీక్ష ఫలితం 2012లో అచ్చయింది. అంత పెద్దవాళ్ళ చెవులే పేరు చూసి వింటుంటే నాదెంత?

అందుకని హోటల్లో వాయించే ఒక కుర్రాణ్ణి అడిగి రెండు రోజులకి డిట్టో తెచ్చాను. నా దగ్గర బఫర్ ఉన్న ట్యూనర్ పెడల్ ఒకటి ఉంది. మా అమ్మాయి నా వెనక కూర్చుని, నాణెం ఎగరేసి బొమ్మ పడితే ఒకటీ బొరుసు పడితే రెండోదీ తగిలించింది. నేను గోడవైపు తిరిగి వాయించి ఏదో చెప్పాలి. 20 సార్లు చేశాం. 11 సరిగ్గా చెప్పాను. ఏమీ వినకుండా గుడ్డిగా చెప్పినా సగటున 10 వస్తాయి. 15 వచ్చి ఉంటే ఆలోచించాల్సిందే, ఎందుకంటే గాలివాటున 15 గానీ అంతకన్న ఎక్కువగానీ రావడానికి అవకాశం 2 శాతమే. ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. నా కేబుళ్ళు మూడేసి మీటర్లు. పదిహేను, ఇరవై మీటర్ల కేబుళ్ళు వాడే స్టేజీ మీద తేడా నిజంగానే వస్తుంది. కేబుల్ పొడవు పెరిగేకొద్దీ దాని కెపాసిటెన్స్ గిటారులోని పదునైన స్వరాలని మింగుతుంది. అక్కడ బఫర్ ఉన్నదే మేలు చేస్తుంది.

మొత్తానికి ఆర్‌సి-1 ఖాయం చేశాను. కొన్ని ఆన్‌లైన్ దుకాణాలు 744 తో మొదలయ్యే పిన్‌కోడ్ చూడగానే మొహం తిప్పేసుకున్నాయి. ఆఖరికి చెన్నైలో ఒక దుకాణంలో సహోద్యోగి కొడుకు కొని, విమానంలో చేతిసంచిలో తెచ్చిపెట్టాడు.

మొదటి వారం సరదాగా గడిచింది. లూపు మూయడం ఒక విద్య. రెండోసారి నొక్కడం పదో వంతు సెకను ఆలస్యమైతే ఆ ఖాళీ ప్రతి 12 సెకన్లకీ ఒకసారి గుంతలో పడ్డ ఆటోలా ఎగిరిపడుతుంది. అది చేతనయ్యాక రిథమ్ వేసి దానిమీద లీడ్ మొదలెట్టాను.

మూడో రోజుకి ఒక విచిత్రం గమనించాను. చరణం చివర, మాంచి ఊపులో ఉండగా, పెడల్ వెనకబడుతోంది.

నా మొదటి ఆలోచన ఏమిటో నిజాయితీగా చెబుతాను. బ్యాటరీ తగ్గిపోయిందేమో అనుకున్నాను. కొత్తది వేశాను. అయినా వెనకబడింది. తేమకి లోపలేదో పాడయిందేమో అనుకున్నాను. హాస్యం ఏమిటంటే, డిజిటల్ యంత్రంలో కాలాన్ని కొలిచేది క్వార్ట్జ్ స్ఫటికం. మామూలు స్ఫటికం తప్పినా గంటకి సెకనులో ఐదో వంతుకి మించి తప్పదు. బ్యాటరీ తగ్గితే పెడల్ ఆగిపోతుందిగానీ, పాత టేపు రికార్డరులా మెల్లగా సాగదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ సందేహించింది పెడల్‌నే.

స్టాప్‌వాచ్ పెట్టాను. మొదటి పది చుట్లకి 121.4 సెకన్లు. ఇరవై నిమిషాలు వదిలేసి మళ్ళీ పది చుట్లు కొలిచాను. 121.5. ఆ పదో వంతు నా వేలి పొరపాటు. పెడల్ వెనకబడటం లేదు. మరి వెనకబడినట్టు ఎందుకు వినిపిస్తోంది? హేడో జెట్టీలో ఓడ కదిలినప్పుడు పైన నిలబడ్డవాళ్ళకి జెట్టీయే వెనక్కి పోతున్నట్టు కనబడుతుంది. కదిలేది జెట్టీ కాదని అందరికీ తెలుసు.

ఫోను బల్లమీద పెట్టి అంతా రికార్డు చేశాను. కంప్యూటర్లో ఆడాసిటీలో వేసి తరంగాలు చూశాను. చరణం చివరి స్వరాలు దెబ్బ కంటే 60 నుంచి 90 మిల్లీసెకన్లు ముందు పడుతున్నాయి. 20 చోట్ల చూస్తే 16 చోట్ల ముందే. కష్టమైన చోటు దగ్గర పడేకొద్దీ త్వరగా దాటేద్దామని చెయ్యి పరుగెడుతోంది. పరుగెత్తినవాడికి నడిచేవాడు ఆలస్యంగానే కనబడతాడు.

అప్పుడు గుర్తొచ్చింది, 2018 ఉగాది కార్యక్రమం వీడియో నా పాత ఫోనులో ఉందని. ఆరేళ్ళుగా అది నా దగ్గరే ఉంది. బావ తాళం గురించి అంత ఖచ్చితంగా మాట్లాడినవాణ్ణి ఒక్కసారి కూడా తెరిచి కొలవలేదు. పెడల్ ఆఫ్‌లో ఉన్నప్పటి స్వరానికి కళ్ళు మూసుకుని 20 సార్లు పరీక్ష పెట్టుకున్నాను. ఒక మనిషి పదేళ్ళ వాయింపు మీద తీర్పు మాత్రం ఒట్టి చెవితో చెప్పేశాను.

ఆ రాత్రి తెరిచాను. పాట మొదలు నిమిషానికి 80 దెబ్బలు. చివర 91. ప్రతి చరణంలోనూ ముందు ఉరికేది లీడ్ గిటారు. రిథమ్ ఒకటి రెండు వరసలు గట్టిగా పట్టుకుని నిలబడుతుంది, తర్వాత చేసేదేమీ లేక వెనకాలే వచ్చేస్తుంది. నా మీద నాకు నమ్మకం చాలక, విషయమేమీ చెప్పకుండా మా అమ్మాయికి వినిపించి, "ఎవరు ముందు కదులుతున్నారు?" అని అడిగాను. రెండోసారి వినకుండానే "నువ్వే నాన్నా" అంది.

జ్యోతిషాన్ని నమ్మేవాళ్ళతో మనం ఒక మాట అంటూ ఉంటాం. తగిలినవి గుర్తుపెట్టుకుంటారు, తప్పినవి మరిచిపోతారు అని. నేను చేసింది అక్షరాలా అదే. బావ వెనకబడ్డట్టు వినిపించిన పాటలన్నీ గుర్తున్నాయి. సాఫీగా సాగిన వందల పాటల్లో తాళం నిలబెట్టింది ఎవరని ఎప్పుడూ అడగలేదు. బాబాల మహిమలకి సాక్ష్యం అడిగేవాణ్ణి, నా మాటకి నన్ను సాక్ష్యం అడగలేదు. మూఢనమ్మకం అంటే ఎదుటివాళ్ళకి ఉండేదన్న నమ్మకం కూడా ఒకటుంది. మనవాళ్ళలో అది తక్కువేమీ కాదు, నేనే రుజువు.

రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు ఆదివారం ఫోన్ చేశాను. వాన గురించీ కొబ్బరి ధర గురించీ అయ్యాక మొత్తం చెప్పాను. పెడల్, స్టాప్‌వాచ్, వీడియో, 80, 91. "తప్పు నాదే బావా. ఆవేళ అందరి ముందూ అన్నమాట అనకూడనిది. తప్పయిపోయింది" అన్నాను.

కాసేపు ఏమీ వినపడలేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"నువ్వు పరిగెడతన్నావని నాకు తెల్దేటి?" అన్నాడు.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే ఇనీవోడివేటి? నీకు అన్నీ తెలుసును కదా."

జవాబు చెప్పలేకపోయాను. ఆయనే మళ్ళీ అడిగాడు. "ఇంతకీ ఆ పెట్టె ఎంతయింది?"

చెప్పాను.

"ఓర్నాయనో. నేను ఉట్టినే వాయించీవోణ్ణి కదయ్యా."

ఇద్దరం నవ్వాం. కానీ అన్నీ సర్దుకుపోయాయని రాస్తే అబద్ధమవుతుంది. ఆ టీ కప్పుల మధ్య ఆయన జిప్పు వేసుకున్న చప్పుడు నాకు ఇంకా గుర్తుంది. ఆయనకీ గుర్తుండే ఉంటుంది. మరో అయిదేళ్ళు వాయించగలిగిన మనిషి చేత నేను గిటారు కింద పెట్టించాను. లెక్క తప్పని ఒప్పుకున్నంత మాత్రాన ఆ ఏళ్ళు తిరిగి రావు.

కొనబోయేవాళ్ళకి నా సలహా. ఇంట్లో ఒంటరిగా సాధన చేసుకునేవాళ్ళకి ఒక బటను, అయిదు నిమిషాలు, చెరిపే సౌకర్యం చాలు. కరెంటు నమ్మలేని ఊరైతే బ్యాటరీ పట్టేదే తీసుకోండి. స్టేజీకైతే ఆపే బటను వేరే ఉండాలి. ఏది కొన్నా మొదటి నెల మెట్రోనోమ్ పెట్టుకుని వాయించండి. మీ లూపు మీకే వెనకబడినట్టు వినిపిస్తే బ్యాటరీ మార్చకండి.

ఫోన్ చేసిన మూడు వారాలకి బావ నుంచి వాట్సాప్‌లో ఒక ఆడియో వచ్చింది. మాట లేదు, ఒట్టి గిటారు. మా పాత పాట రిథమ్, నాలుగు నిమిషాలు. 2020 ఆగస్టులో సముద్రం అడుగున చెన్నై నుంచి కేబుల్ వచ్చాక ఇలాంటివి మాకు క్షణాల్లో అందుతున్నాయి. అంతకు ముందు ఉపగ్రహం లింకు మీద ఒక పాట దిగడానికి భోజనం చేసి రావచ్చు. ఫోను నుంచి తీగ లాగి దాన్ని పెడల్‌లోకి ఎక్కించాను. వాయించేముందు, పాత బుద్ధి పోనిచ్చుకోక, కొలిచాను.

మొదట 80. చివర 80.